చివరి ఫారం

ప్రియమైన మూగనోము గారికి,

ఫోన్లో మీరు ‘ఊఁ’ తప్ప ఏమీ అనరు కాబట్టి రాస్తున్నాను. అట్ట ఊడిపోయిన ఆ కాలయానం నవలను మళ్ళీ కుట్టి పంపారుగా, పూర్తిచేశాను. జబ్బుపడ్డ పెళ్ళాం కోసం కథానాయకుడు పాతరోజుల్లోకి వెళ్ళడం, ఆవిడ పోవడం చదివి ఏడుస్తుంటే పక్క మంచం పెద్దమ్మ, “కథకి ఏడుస్తావేమే, ఆ కన్నీళ్ళు సూదిమందుకి దాచుకో” అని కసిరింది. తీరా ముందుకెళ్తే ఆవిడ బతికే ఉంది! ‘ఆవిడ తలుపు తీసి’ అని సగం వాక్యంతోనే ఆపేశాడు రచయిత. ఎంత గడుసువాడో!

నాకు ధైర్యమొచ్చింది. ఇంకో విడత మందులకి ఒప్పుకుంటాను. డాక్టరు మీతో విడిగా ఏమన్నారు?

మీ వాగుడుకాయ

ప్రియమైన వాగుడుకాయకి,

ఇవాళ వాన. బడిపుస్తకాల పని నడుస్తోంది. కత్తికి సాన పట్టించాను. నవల నచ్చినందుకు సంతోషం. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నారు. మిగతావి ఆదివారం మాట్లాడుకుందాం. వేళకి తిను.

నీ
నేను

ప్రియమైన మీకు,

ఆదివారం వచ్చారు. కమలాపండు వలిచారు, కిటికీలోంచి చూశారు, వెళ్ళిపోయారు.

నవల పెద్దమ్మకిచ్చాను. “పేజీల నంబర్లేవే?” అంది. చూస్తే నంబర్లు పోయేదాకా అడుగు అంచు కోసేసి ఉంది. ఆవిడ పోయిన పేజీ చివర తెల్లకాగితం ముక్క అంటించి ఉంది. గోటితో లేపాను. ‘సమాప్తం’ అని ఉంది.

మీ పక్కన కూర్చుని ఇన్నేళ్ళు అచ్చుకాగితాలని ఫారాలుగా మడిచినదాన్ని. చివరి పదహారు పేజీల ఫారాన్ని ఒక ఫారం ముందుకి జరిపి కుట్టారు. అందుకే ఆవిడ పోయాక మళ్ళీ బతికింది, వాక్యం సగంలో ఆగింది. మీ చేత పొరపాటున అలా జరగదు. డాక్టరు ఏమన్నారో తెలిసిపోయింది.

కోపం లేదు. కానీ ఆ మాట మీరే చెప్పండి. నన్ను ఇంటికి తీసుకుపొండి.

మీ
నేను

ప్రియమైన నీకు,

మందులు ఇక పనిచెయ్యవన్నారు. ఈ చలికాలం దాటడం కష్టమన్నారు. నీకు చెప్పొద్దని బతిమాలింది నేనే.

కుట్టేముందు నవల చదివాను. చివరి ఫారం పారేద్దామనుకున్నాను. ఫారం తగ్గించి పుస్తకం కుట్టడానికి చెయ్యి రాలేదు. అందుకని జరిపాను. కాలంలో అంతకన్నా వెనక్కి నిన్ను తీసుకెళ్ళడం నాకు చేతకాలేదు.

రేపు పొద్దున్నే బండితో వస్తున్నాను. మంచం కిటికీ దగ్గర వేశాను. నీకు జిగురు వాసన పడటం లేదని బైండింగు సామానంతా పక్కింటివాళ్ళ కొట్లో పెట్టాను. గోడలు కడిగాను. తలుపులన్నీ తీసే ఉంచాను. అయినా వాసన పోలేదు.

నీ
ఆయన