వంట రాని తియాన్ మేడమ్

దమ్మామ్,
శుక్రవారం, జుమా నమాజు తర్వాత

నాజ్నీన్ వాళ్ళ అబ్బాకు మహబూబ్బీ సలాములు.

అల్లా దయ వల్ల ఇక్కడ నాకు ఒంట్లో గానీ మనసులో గానీ ఏ కొరతా లేదు. మీరూ బిడ్డా చల్లగా ఉండాలని ప్రతి నమాజులో అడుగుతున్నాను. అఖీల్ రాయచోటి నుంచి తెచ్చిన మీ ఉత్తరమూ, చింతకాయ తొక్కూ అందాయి. తొక్కు రంజాన్ పండగ రోజు హోటల్లో అందరం పంచుకుని తిన్నాం. ఉత్తరం మాత్రం నేనొక్కదాన్నే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

ఫోనుండగా మీరు ఉత్తరం రాశారంటే మాట పెద్దదేనని అర్థమైంది. అందుకే నేనూ రాస్తున్నాను. ఫోన్లో మీరు గొంతు పెంచితే నేను "సరేలెండి" అనేస్తాను. ఈసారి అలా అనదలుచుకోలేదు.

ముందు మీరడిగినవాటికి జవాబులు. మోకాళ్ళ నొప్పికి నూనె ఎంత రాసినా లాభం లేదు. నేల మీద కూర్చుని పరుపులు కుట్టడం మానండి. బల్ల చేయించుకోమని నేను చెప్పి ఏడాదైంది. నాజ్నీన్ కడప హాస్టల్లో అన్నం బాగాలేదని అంటోందట. ఆ పిల్ల మనింట్లో కూడా అదే మాట అనేది, బెంగ పడకండి. ఇక మెహరున్నిసా వదిన, "చైనా వాళ్ళ హోటల్లో ఏ మాంసం వండుతారో, ఏం తింటోందో" అని దిగులు పడిందని రాశారు. వదినకు చెప్పండి, మా హోటల్ యజమాని తియాన్ మేడమ్ కూడా మనలాగే కలిమా చదివిన మనిషే.

ఆమె గురించి మీకు ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. చైనాలో వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళకు వేరే మసీదు ఉందట. అందులో నమాజు చదివించేదీ, ఖురాన్ నేర్పేదీ ఆడవాళ్ళేనట. వాళ్ళమ్మ అక్కడ పాఠాలు చెప్పేది. ఆమె దగ్గరే మేడమ్ అరబ్బీ నేర్చుకుంది. ఆ అరబ్బీ పుణ్యమా అని, రోడ్లు వేసే ఒక చైనా కంపెనీతో దుబాసీగా దమ్మామ్ వచ్చింది. క్యాంపులో మగవాళ్ళంతా పిండిని చేత్తో లాగి చేసే ఇంటి నూడుల్స్ కోసం మొహం వాచిపోయి ఉంటే, క్యాంపు వంటమనిషిని కూడగట్టుకుని పోర్టు దారిలో చిన్న కొట్టు పెట్టింది. కంపెనీ పని ముగించుకుని వెళ్ళిపోయింది. ఈమె ఉండిపోయింది. ఇప్పుడు దమ్మామ్, ధహ్రాన్, రియాద్, ఎక్కడ చూసినా మా హోటళ్ళే. సౌదీ భాగస్వాములు కూడా ఆమె వచ్చాకే కుర్చీల్లో కూర్చుంటారు.

అంత కంపెనీ నడిపే మనిషికి వంట మాత్రం రాదు! గుడ్డు ఉడికించినా పగలగొడుతుంది. మా హెడ్ కుక్ ఫారూఖ్ హైదరాబాదీ, ఊరుకోడు కదా. "ఆపా, ఈమెకు నూడుల్స్ లాగనైతే రాదు గానీ కంపెనీని మాత్రం మస్తు లాగుతది" అంటాడు. మేడమ్‌కు ఎవరో అర్థం చెప్తే ఆమె కూడా నవ్వింది.

ఏ బ్రాంచికి వచ్చినా ఆమె ముందు వంటింట్లోకి రాదు, గిన్నెలు కడిగే చోటికి వస్తుంది. ఎంగిలి గిన్నెల్లో జనం ఏం వదిలేశారో చూస్తుంది. పులుసు మిగిలిందా, మాంసం మిగిలిందా, ఏ ముక్క కొరికి పక్కన పెట్టారు. "తిన్నవాళ్ళు నాతో మర్యాదకు అబద్ధం చెప్తారు. గిన్నె చెప్పదు" అంటుంది. మొదట నేను ఇంటిపని చేసిన సౌదీ వాళ్ళు నన్ను ఈ కంపెనీకి మార్చినప్పుడు నేను వచ్చి నిలబడ్డది ఆ గిన్నెల దగ్గరే. ఆమె నన్ను చూసిందీ, వంటింట్లోకి పంపిందీ అక్కడి నుంచే.

పోయినేడు రంజాన్‌లో ఏమైందో చెప్పాలి. ఇఫ్తారు వంట మధ్యాహ్నం మొదలవుతుంది. అందరం ఉపవాసమే. నాలుకకు తగిలించి ఉమ్మేస్తే తప్పు లేదని మౌల్వీసాబు చెప్పినా మాకెవరికీ మనసొప్పలేదు. పులుసులో ఉప్పు నేనూ వేశాను, ఫారూఖూ వేశాడు. రోజా విప్పిన జనం ఒక్క గుటక తాగి గిన్నెలు పక్కకు జరిపారు. మేడమ్ ఆ గిన్నెల ముందు నిలబడి ఎవరినీ తిట్టలేదు. "వచ్చే ఏడాదికి దారి మీరే చూడండి" అని వెళ్ళిపోయింది.

ఈ ఏడు దారి నేను చూశాను. గిన్నెలు కడిగే ఆశా అని కాకినాడ వైపు హిందువుల పిల్ల ఉంది, ఆమెకు ఉపవాసం లేదు. రంజాన్‌కు ముందు వచ్చే షాబాన్ నెల మొదటి నుంచే రోజూ ఆ పిల్లను పొయ్యి దగ్గర నిలబెట్టుకుని పులుసు రుచి చూపించాను. ఇది చప్పన, ఇది సరి, ఇందులో ఉప్పు కాస్త ముందుకెళ్ళింది అని.

"బాబోయ్, అక్కా! నా నాలిక మీద ఇంత బరువెట్టేస్తే ఎలాగండీ? తేడా వస్తే ఫారూఖ్ గారు నన్నే ముక్కలు కోసి పులుసులో ఏసేత్తారు" అని ఒకటే గోల.

"నిన్నెవరు తింటారే, ఎముకలు తప్ప ఏముంది?" అన్నాడు ఫారూఖ్.

రంజాన్ నెలంతా ఆశా రుచి చూసింది, మేం వండాం. గిన్నెలు ఖాళీగా తిరిగొచ్చాయి. పండగ మరునాడు మేడమ్ నన్ను పిలిచి కూర్చోమంది. ఖతీఫ్‌లో కొత్త హోటల్ తెరుస్తున్నారు. అక్కడి వంటిల్లు నన్ను చూసుకోమంది.

"మేడమ్, నాకు గట్టిగా మాట్లాడటం రాదు. వంటింట్లో అరవాలి కదా" అన్నాను.

"నాకు వండటం రాదు" అంది ఆమె. "వండగలిగే వాళ్ళను నమ్మాను, అంతే. అరిచేవాళ్ళు నా దగ్గర చాలామంది ఉన్నారు. నోరు మెదపకుండా ఇంకొకరి నాలుకకు పని నేర్పినదానివి నువ్వొక్కదానివే."

ఇప్పుడు మీ ఉత్తరంలోని చివరి మాటకు వస్తాను. "యాభై ఏళ్ళొచ్చాయి, ఇంక చాలు, ఎగ్జిట్ వీసా వేయించుకుని పూర్తిగా వచ్చేయ్" అని రాశారు. మీరు ఒక్కరే వండుకుని ఒక్కరే తింటున్నారని నాకు తెలుసు. ముద్ద నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ అది గుర్తొస్తుంది. అందుకే ఈ మాట ఇంతదాకా రాయలేక పక్కన పెడుతూ వచ్చాను.

నేను మేడమ్‌కు ఒప్పుకుంటానని చెప్పేశాను. ఇక్కడ ఇంకా ఉండటానికి కావలసిన కొత్త ఇఖామాకు కాగితాలు కూడా ఇచ్చాను. చెప్పే ముందు, ఏది మంచిదో చూపమని ఇస్తిఖారా నమాజు చదివాను. మనసు నిమ్మళంగానే ఉంది. అల్లాను అడిగాను. మిమ్మల్ని అడగలేదు. అడిగితే మీరు వద్దంటారు, నేను సరేనంటాను, ఆ తర్వాత ఇద్దరం వాడిపోయిన నా మొహం చూసుకుంటూ బతకాలి.

ఇది డబ్బు కోసం కాదు. పెళ్ళయిన నాటి నుంచీ ఎవరో ఒకరు చెప్పిన పని చేశాను, బాగానే చేశాను. ఖతీఫ్ వంటింట్లో ఏ పని ఎవరు చేయాలో నేను చెప్తాను. ఆశాను నాతోనే తీసుకెళ్తున్నాను, పొయ్యి దగ్గరికి. చేయగలనని నాకు నమ్మకముంది. మీరు కూడా ఒకసారి నమ్మి చూడండి.

బక్రీదుకు సెలవు ఒప్పుకున్నారు. నెలంతా ఇంట్లో ఉంటాను. మీరు కోపంగా ఉన్నా వస్తాను, మాట్లాడకపోయినా వండిపెడతాను. సెలవు అయిపోయాక తిరిగి వెళ్తాను. ఆ రోజు నన్ను బస్సు దాకా దిగబెట్టడానికి వస్తారా రారా, అదొక్కటే మీరు తేల్చుకోవలసింది.

ఇట్లు,
మీ ఇంటిది,
నాజ్నీన్ అమ్మ,
మహబూబ్బీ