క్యాడీ బిడ్డ కొన్న బ్యాగు

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి రెండేండ్లు. కోరుట్లల అమ్మ నీకిష్టమని నాటుకోడి కూర వండి నీ ఫోటో ముంగట పెట్టింది. నేను నీకొక ముచ్చట చెప్పాలె. పోయిన వారం హైదరాబాద్‌ల నా సొంత గోల్ఫ్ బ్యాగు, ట్రాలీ కొన్న.

దుకాణమాయన పెద్ద తోలు బ్యాగు చూపెట్టి, "ఇది తీసుకోండి మేడం, ఎట్లాగూ మోసేది క్యాడీయే కదా" అన్నడు.

"క్యాడీ మనిషి కాదా అన్నా? మోసెటానికి అల్కగుండేది చూపెట్టు" అన్న.

నువ్వు చెప్పినట్టే ఖాళీ బ్యాగు ఎత్తి చూసి మోసపోలే. కర్రలు, బంతులు, నీళ్ల సీసా అన్నీ నింపి, భుజానికేసుకొని దుకాణంల అటిటు నడిచిన. మూడో బ్యాగు సక్కగ కుదిరింది. ట్రాలీని ఒక్క చేత్తోటి మడిచి, విప్పి, తోసి చూసినంకనే తీసుకున్న.

నిన్న ఆడోళ్ల పోటీల గా ట్రాలీ నేనే తోసుకుంట రోజంత ఆడిన. మూడో స్థానం అచ్చింది. కప్పు ఇచ్చేటాయన మైకు నా ముంగట పెట్టి, "ఆట ఎవరు నేర్పించారమ్మా?" అనడిగిండు.

కాలేజీల ఎవలన్న మీ బాపు ఏం చేస్తడని అడిగితే నువ్వు దుబాయ్‌ల ఆఫీసుల పని చేస్తవని చెప్పేదాన్ని. గది నీకు ఎరికే, అయినా ఎన్నడు ఏమనలే.

"మా బాపు. దుబాయ్‌ల పద్నాలుగేండ్లు క్యాడీగ బ్యాగులు మోసిండు. సెలవుల ఇంటికచ్చి, కోతలైన పొలంల నాకు ఆట నేర్పిండు" అని చెప్పిన.

అందరు లేసి నిలబడి చప్పట్లు కొట్టిండ్రు. అవి నీకే, బాపూ.

నీ బిడ్డ