అత్తయ్య కంప్యూటరుకు మిగిలిన ఒక్క అవకాశం

అమ్మాయీ,

మీ అత్తయ్య కంప్యూటరును ఎవరూ ముట్టుకోవద్దు, పిల్లలకూ చెప్పు. నేను తర్కించి కొట్టిన తొమ్మిది పాస్‌వర్డులూ తప్పని తేలాయి. "ఇంకొక్కటి తప్పు కొట్టారో, అంతా చెరిగిపోతుంది మాస్టారూ" అన్నాడు మెకానిక్. నాకు చూపు మందగించాక ఆమె చదివి రికార్డు చేసిపెట్టిన పుస్తకాలన్నీ అందులోనే ఉన్నాయి. ఆత్మ ఉందని నేను నమ్మను. ఆమె గొంతు మాత్రం అందులో ఉంది.

పాస్‌వర్డుకు ఆనవాలుగా ఆమె రాసుకున్న మాట: "ఆయన ఎప్పుడూ మరిచిపోయేది." మరిచినవాడికి అదేమిటో ఎలా తెలుస్తుంది? వంటింట్లో మీరిద్దరూ నన్ను తలచుకుని నవ్వుకునేవారు కదా, నీకు తెలిసే ఉంటుంది. మొహమాటపడకుండా కింద రాసిపెట్టు. ఆమె మెయిలు కంపెనీవాళ్లు అడిగిన మరణ ధ్రువపత్రం తేవడానికి వెళుతున్నాను.

మామయ్య

పెళ్లిరోజు కాదు. భూతద్దం పెట్టి పెళ్లి సర్టిఫికెట్‌లో తారీఖు చూసి, మొట్టమొదట దాన్నే కొట్టాను.