దానియేలు అప్పగించిన పాస్‌వర్డులు

మామిడికుదురు, శనివారం, 2007

గ్యాసు కంపెనీ వాళ్లు దేశదేశాల్లోని తమ ఆఫీసుల నెట్‌వర్కునీ, దాని కాపలానీ ఒకే పెద్ద సంస్థకు కట్టబెట్టారు. ఇక్కడ ఆ పని చూసే మన చర్చి సంఘపు దానియేలు పొద్దున నా దగ్గరికి వచ్చాడు.

"ఒక్క పాస్‌వర్డు దాచుకుంటానండి అయ్యగారూ. అప్పుడు నేను లేందే వాళ్లకి గడవదండి."

బైబిలు మీద అరచెయ్యి చరిచి, "అది దొంగతనం కాదటయ్యా? అన్నీ ఇచ్చెయ్యి, దేవుడు చూసుకుంటాడు!" అని కేకలేశాను.

సాయంత్రం మళ్లీ వచ్చాడు. "అన్నీ ఇచ్చేసేనండి. థాంక్స్ చెప్పేరు. సోమవారం నించి రావద్దన్నారండి."

"ప్రార్థన చేసుకో" అన్నాను.

"ఆయ్" అని వెళ్లిపోయాడు.

నేను చెప్పింది తప్పు కాదు. దేవుని వాక్యం ఎటు తిరగేసినా అదే ఉంది. కానీ అతని భార్యకు నెలలు నిండాయి. రేపు ఆరాధనలో ఇద్దరూ ముందు వరసలోనే కూర్చుంటారు. ప్రసంగానికి నా గొంతు లేస్తుందో లేదో...