ఆ ఒక్కరోజు పిలుపు

అక్కా,

ఈ మాట ఇంకెవరినీ అడగలేను కాబట్టి నీకే రాస్తున్నాను.

నువ్వు పోయి ఏడాది నిండింది. బావకు రైల్వేలో డ్యూటీలు, నాకు పద్మారావు నగర్ బడిలో పాఠాలు. దసరా సెలవుల్లో మాత్రం అందరం కలిసి బందరు వెళ్లాం. సముద్రాన్ని చూసి నీ కొడుకు చింటూ నా వెనక దాక్కున్నాడు. నీ కూతురు స్నేహ మాత్రం ఇంటికి వెళ్దామన్నా ఒడ్డు వదిలి రానంది.

క్రిస్మస్ ముందు ఆదివారం చర్చిలో పిల్లల కార్యక్రమం ఉంది. ఒక్కో బిడ్డా తల్లితో కలిసి వేదికెక్కి బైబిల్ వాక్యం చెప్పాలి. నిన్న జడ వేస్తుంటే స్నేహ అద్దంలోంచి నన్ను చూసింది.

"పిన్నీ, ఆ ఒక్కరోజు నిన్ను అమ్మా అని పిలుస్త."

"తర్వాత?"

"మళ్ళ పిన్నివే. పరేషాన్ గాకు."

"నేను సుత పిలుస్త!" అన్నాడు చింటూ.

"నువ్వు ప్రోగ్రాంల లేవు కదరా, ఊకో."

జడకు రిబ్బను కట్టి పంపేశాను. వద్దంటే అందరి ముందూ అది ఒక్కతే నిలబడుతుంది. సరే అనడానికి నోరు రావడం లేదు. ఆ పిలుపు వినాలని నాకూ ఉందక్కా. భయమంతా అదే.

శనివారం సాయంత్రం చెబుతానని దానికి మాటిచ్చాను. ఆలోపే, కలలోనైనా సరే, నీ జవాబు పంపు.