పేరెత్తని జబ్బు

1986

అమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ పూట నీమీద కోపంగా ఉంది.

ఎమ్మిగనూరులో నేను నర్సుగా చేరిన ఆసుపత్రిలో వార్డు నిండా తట్టు పోసిన పిల్లలే. చిన్నప్పుడు నాకు పోసిందా అని డాక్టరు అడిగాడు. పోసి ఉంటే భయం లేదట, లేకపోతే కొత్తగా వచ్చిన టీకా వేయించుకోవాలట. రక్తం పరీక్ష చేసి చెప్పే చోటు ఈ చుట్టుపక్కల లేదు. “మీ అమ్మను అడిగి చెప్పమ్మా” అన్నాడు. నువ్వు లేవని చెప్పడానికి నోరు రాక సరేనన్నాను.

ఆదోనికి పోయి పెద్దమ్మను అడిగాను.

“తట్టో, ఆటలమ్మో, యాడ గుర్తుంటాది? ఏదొచ్చినా అమ్మవారనే అంటిమి. పేరెత్తితే తల్లికి కోపమొస్తాదని మీయమ్మ ఎవురినీ నోరు తెరవనీలేదు” అంది.

వేపాకుల మీద పడుకోబెట్టావని తప్ప నాకూ ఏమీ గుర్తులేదు. అది ఏ జబ్బో ఒక్కసారి, నా చెవిలోనైనా చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది?

రేపు ఆ టీకా వేయించుకుంటాను. మా అమ్మకు గుర్తులేదట సార్ అని చెబుతాను. నా పాలపళ్లు ఏ వారం ఊడాయో కూడా చెప్పేదానివి. అయినా ఆ మాట నువ్వు పడాల్సిందే.