పొట్ట మీద సిరా గీతలు

1974 జూలై, మంగళవారం

సున్నిపిండితో మూడుసార్లు రుద్దినా పొట్ట మీద సిరా గీతలు పూర్తిగా పోలేదు. నా ఒళ్లు చూసుకుంటే నాకే రోత పుడుతోంది.

కడుపునొప్పి అని పొద్దున గవర్నరుపేటలో బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్లాను. డాక్టరు నన్ను మంచం మీద పడుకోబెట్టి, చదువుకునే కుర్రాళ్లను పదిమందిని పిలిచాడు. నాతో ఒక్క మాట అనకుండా చీర పక్కకు లాగి, పెన్నుతో నిలువుగా రెండు, అడ్డంగా రెండు గీతలు గీశాడు.

"ఈ గడిలో లివరు, కింద గడిలో గర్భసంచి. నొక్కి చూడండయ్యా, పర్వాలేదు."

"ముసలావిడ కదా సార్, పొట్ట మెత్తగా ఉంది, బాగా తెలుస్తోంది," అని ఒకడు నవ్వాడు.

మా ఆయన బట్టల కొట్లో గుడ్డ తాను మీద కొలత గీసేటప్పుడు కూడా దాన్ని ఇంతకంటే మర్యాదగా పట్టుకునేవారు. నొప్పి ఎక్కడో ఒక్కడూ అడగలేదు.

సెలవులకు వచ్చిన మనవరాలు సరళకు సాయంత్రం జరిగిందంతా చెప్పాను. అదీ డాక్టరు చదువే కాబట్టి, వాళ్లను నాలుగు తిడుతుందనుకున్నాను.

"అట్లాగే నేర్చుకుంటాం మామ్మా. పోయినవారం నేనూ ఒకావిడ మీద గీశాను."

"ఆవిడ పేరేమిటే?"

"పేరెందుకు? పన్నెండో నంబరు మంచం."

అన్నం కలుపుకుంటూనే అంది. నేర్చుకోకపోతే వైద్యం ఎట్లా వస్తుందీ అంటే, అదీ నిజమే. కానీ ఈ పిల్ల కూడా...

రేపు మళ్లీ రమ్మన్నారు. సరళ తోడొస్తానంది, వద్దన్నాను. ఆ మంచం పక్కన దాని చేతులు చూడాలని లేదు. చిన్నప్పుడు వాటికి గోరింటాకు పెట్టింది నేనే.